ఎద్దు కోసం ఏడ్చినాయన

గుణదలలో బాలశౌరికి మంచి పేరుండేది. ఆ పేరంటే ఆయనకి చచ్చేంత భయం.

పెళ్లాం అమలమ్మ పోయాక ప్రతి శనివారం మధ్యాహ్నం ఆటోనగర్‌లో తన షెడ్డుకి తాళం వేసి, మరియమాత కొండెక్కి, సాయంత్రానికి ఎర్రబడ్డ కళ్లతో ఇంటికొచ్చే మనిషని ఆ పేరు. చర్చి దగ్గర ఆడవాళ్లు తమ మొగుళ్లని సాధించడానికి బాలశౌరిని వాడుకునేవాళ్లు. "చూసి నేర్చుకోండి. ఆయనా మొగుడే, మీరూ మొగుళ్లే." పాపం ఆ మొగుళ్లలో ఒకరిద్దరు ఆయన ఎదురుపడితే పలకరించడం మానేశారు.

నిజానికి శనివారం మధ్యాహ్నం బాలశౌరి సైకిలు కొండవైపు తిరిగేదే కాదు. గాంధీనగర్ వైపు తిరిగేది. అక్కడ ఒక సినిమాహాల్లో నేల టిక్కెట్టు తీసుకుని, మ్యాట్నీ ఆటలో ఒక ఎద్దు చచ్చిపోతుంటే చూసి, వెక్కివెక్కి ఏడ్చి, మొహం కడుక్కుని ఇంటికొచ్చేవాడు.

ఇది ఎలా మొదలైందో చెప్పాలంటే అమలమ్మ పోయిన రోజు దగ్గరికి వెళ్లాలి. డెబ్భై నాలుగు వర్షాకాలంలో ఆవిడకి కామెర్లు ముదిరాయి. పసరు పోయించారు, ఆసుపత్రిలో చేర్చారు, ఫాదర్‌గారొచ్చి చావుబతుకుల్లో ఉన్నవాళ్లకిచ్చే అవస్థ అభ్యంగనం ఇచ్చి వెళ్లారు. మర్నాడు మధ్యాహ్నం పోయింది. కూతురు ఎలిజబెత్ గుండెలు బాదుకుంది. చుట్టాలు ఏడ్చారు. ఎదురింటి పోస్టుమాస్టరు గారు కూడా జేబురుమాలు తీశారు. బాలశౌరికి మాత్రం కంట్లో చెమ్మ రాలేదు. ఆయన లారీలకు సీట్లు కుట్టే మనిషి. శవపేటిక లోపల వేసిన తెల్లగుడ్డ మీదికి చూపు పోయింది. కుట్టు వంకరగా ఉంది. దారం కూడా నాసిరకం. భూమిలోకి దించేటప్పుడు కూడా ఆయన మనసులో ఉన్నది ఆ కుట్టే. నాకిస్తే పది నిమిషాల్లో తిన్నగా కుట్టేవాణ్ణి కదా అనుకున్నాడు. అలా అనుకున్నందుకు తనని తాను తిట్టుకున్నాడు, అయినా చూపు అక్కణ్ణించి రాలేదు.

"గుండె రాయి చేసుకున్నాడు పాపం," అన్నారు జనం.

చేసుకోవడమేంటి, ఉన్నదే అది కాబోలు అని భయమేసింది బాలశౌరికి. ముప్ఫై ఏళ్లు కాపురం చేసిన మనిషి పోతే ఏడుపు రానివాడు పశువు కాక ఏమవుతాడు?

కొన్ని వారాల తరవాత ఒక శనివారం రెక్సిన్ కొనడానికి గాంధీనగర్ వెళ్లాడు. కొట్టువాడు భోజనానికెళ్లాడు. ఎండ మండిపోతోంది. ఎదురుగా హాలుంది, హాల్లో ఫ్యాన్లుంటాయి. కూర్చుందామని వెళ్లాడు. సినిమాలో ఒక ఎద్దు. కాన్పు కష్టమైన యజమాని కూతుర్ని వానలో బండి మీద ఆసుపత్రికి చేర్చి, గేటు ముందు కూలబడి ప్రాణం వదిలేస్తుంది. అంతే. బాలశౌరికి ఎక్కణ్ణించి వచ్చిందో తెలీదు, కాలవ గట్టు తెగినట్టు వచ్చింది ఏడుపు. పక్కన కూర్చున్న రిక్షా అతను జాలిపడి తను తాగుతున్న గోళీసోడా చేతికిచ్చాడు. "మీకు ఎడ్లుండేవాండీ?" అని కూడా అడిగాడు. ఉండేవని తలూపాడు బాలశౌరి. ఆయనకి పుట్టి బుద్ధెరిగాక కోడిపెట్ట కూడా లేదు.

ఇంటికొస్తే ఎలిజబెత్ కళ్లు చూసి కంగారుపడింది. "ఎక్కడికెళ్లావు నాన్నా?"

"కొండకి," అంది నోరు. ఆలోచించి అన్నది కాదు. కానీ నోట్లోంచి వచ్చిన మాట మర్నాటికి వీధంతా తిరిగింది.

అలా మరుసటి శనివారం మళ్లీ వెళ్లాడు. ఆపై వారమూ వెళ్లాడు. ఏడిస్తే ఆ రాత్రి నిద్ర పట్టేది, ఏడవకపోతే పట్టేది కాదు. కొన్నాళ్లకి ఆ సినిమా ఆ హాల్లోంచి తీసేసి, గన్నవరం టూరింగ్ టాకీసుకి పంపారు. బాలశౌరి బస్సెక్కి గన్నవరం వెళ్లాడు. బస్సులో కూర్చుని తన బతుకు తలుచుకుంటే తనకే నవ్వొచ్చింది. బంధువులు పోయినవాళ్లు సమాధికి వెళ్తారు. నేను ఎద్దు ఎక్కడ చచ్చిపోతే అక్కడికి వెళ్తున్నాను.

చర్చిలో పాపాలు ఒప్పుకునే చోట, పాపసంకీర్తనంలో, చెప్పుకుంటే బరువు దిగుతుందని ఒకసారి ప్రయత్నించాడు. జాలీ అవతల ఫాదర్‌గారు శ్రద్ధగానే విన్నారు.

"సినిమాకెళ్లడం పాపం కాదు. కొండకెళ్లానని అబద్ధమాడావు కాబట్టి మూడు మంగళవార్త జపాలు చెప్పుకో."

"అది కాదండీ ఫాదర్‌గారూ, ఏడుపు సంగతి."

"ఏడవడం కూడా పాపం కాదు బాలశౌరీ. నీ వెనక చాలామంది ఉన్నారు."

జపాలు చెప్పుకున్నాడు. బరువు అలాగే ఉంది. పైగా జాలీ ఉండి ఏం లాభం, ఫాదర్‌గారు పేరు పెట్టి పిలవనే పిలిచారు. పాపమైతే ఇచ్చుకోవడానికి ఒక చోటుంది. సిగ్గుని ఎక్కడ ఇచ్చుకోవాలో ఆయనకి తెలియలేదు. కూతురితో చెబితే దాని తల్లిని అవమానించినట్టు. స్నేహితులతో చెబితే ఆటోనగర్‌లో బోల్టులు బిగించే కుర్రాళ్ల దాకా 'అంబా' అని వెక్కిరిస్తారు.

డెబ్భై ఆరు చలికాలానికి బాలశౌరి కళ్లకి పొరలు కమ్మాయి. సూదిలో దారం ఎక్కించలేకపోయాడు. శుక్లాలు, ఆపరేషన్ చెయ్యాలన్నారు. ఎలిజబెత్ మాత్రం తనదే తప్పన్నట్టు బాధపడింది. "అమ్మ కోసం ఏడ్చి ఏడ్చి కళ్లు పోగొట్టుకున్నావు నాన్నా." బాలశౌరి గోడకేసి చూశాడు. గోడా సరిగ్గా కనబళ్లేదు.

బెజవాడలోనే ఒక మిషన్ ఆసుపత్రిలో చేర్చారు. ఆ రోజుల్లో ఆ ఆపరేషనంటే కుడికన్ను కోసినా రెండు కళ్లకీ కట్టు కట్టేవాళ్లు. తలకి అటూ ఇటూ ఇసుక సంచులు పెట్టి, కదలకూడదనేవాళ్లు. దగ్గకూడదు, నమలకూడదు, నవ్వకూడదు, ముఖ్యంగా ఏడవకూడదు. కుట్లు తెగుతాయి. ఆయా దానమ్మ వచ్చి చెంచాతో జావ పోసి, "మాట్లాడుకోవచ్చు తాతగారూ, మెల్లిగా," అని చెప్పి వెళ్లింది.

మాట్లాడుకోవడానికి పక్క మంచం మీద ఒకాయనున్నాడు. ఎప్పుడు తెచ్చి పడుకోబెట్టారో బాలశౌరికి తెలీదు, ఆయనకీ అంతే. గొంతు బొంగురుగా ఉంది. యాస వింటే సముద్రం ఒడ్డు మనిషిలా ఉన్నాడు.

"మాదీ..." అని బాలశౌరి మొదలుపెట్టబోతే ఆయన ఆపాడు.

"పేర్లొద్దండీ. ఏమీ అనుకోకండి. పేరు చెప్తే ఊరు అడుగుతారు, ఊరు చెప్తే ఫలానా వాళ్లు తెలుసా అంటారు. తెలుసంటే ఇంక పంటల గురించీ వానల గురించీ తప్ప మాట్లాడుకోలేం. ఇక్కడ ఇన్ని రోజులు వానల గురించే మాట్లాడితే పిచ్చెక్కుద్ది."

అలా ఒకాయన గోడ పక్కాయన, ఇంకొకాయన కిటికీ పక్కాయన అయ్యారు. బాలశౌరి గోడ పక్కాయన.

మొదటి రోజు కూరల గురించి మాట్లాడుకున్నారు, జావ తాగుతూ. రెండో రోజు కిటికీ పక్కాయన ఉన్నట్టుండి అన్నాడు. "మీరు నన్ను చూళ్లేదు కదా?"

"నా కట్టు మీ కట్టంతే ఉందండీ."

"అయితే చెప్తా. మాది చేపలవాళ్ల ఇల్లు. మా తాత, మా నాన్న, మా అన్నలు, అందరూ పడవ మీద పుట్టినట్టే పుట్టారు. నేను మా వాడకి కులపెద్దని. తగువులు తీరుస్తాను. నాకు సముద్రమంటే భయం."

"అందరికీ కొంచెం ఉంటది కదండీ," అన్నాడు బాలశౌరి.

"కొంచెం కాదు. పద్దెనిమిదేళ్లప్పుడు పడవ తిరగబడింది. బతికాను. అప్పణ్ణించీ మళ్లీ పడవెక్కలేదు. పోలేరమ్మకి మొక్కుకున్నానని, అందుకే పడవెక్కనని అందరికీ చెప్పాను. జనం నమ్మి దణ్ణం పెట్టారు. తుఫాను గాలి తోలితే రాత్రంతా నిద్రపోను. వలలకి కాపలా అంటాను. వాడంతా నిద్రపోతే పెద్దాయన మేలుకుని ఉంటాడని మా వాళ్లు గొప్పగా చెప్పుకుంటారు. వణుకుతా కూర్చుంటానండీ నేను, దుప్పటి కప్పుకుని. మా ఆవిడకి కూడా తెలీదు."

"ఇప్పుడు నాతో ఎందుకు చెప్పారు?"

"మీరెవరో నాకు తెలీదుగా మరి," అన్నాడాయన, అదేదో అందరికీ తెలిసిన లెక్కన్నట్టు. తరవాత పొడుగ్గా ఊపిరి వదిలాడు. కాసేపటికి గురక వినిపించింది. హాయిగా, నెత్తిమీద గంప దించినవాడి గురక.

బాలశౌరికి అసూయ వేసింది. ఆ గురక తనకీ కావాలనిపించింది. మర్నాడు పొద్దున్నంతా గొంతు సర్దుకుంటూ గడిపాడు. వార్డు సద్దుమణిగాక మొదలుపెట్టాడు. అమలమ్మ పోవడం, ఏడుపు రాకపోవడం, వంకర కుట్టు, ఎద్దు, రిక్షా అతని సోడా, గన్నవరం బస్సు, ఏదీ వదల్లేదు. చెప్పడం అయ్యాక చెమటలు పట్టాయి.

"ఏమనుకుంటున్నారండీ?" అని అడిగాడు. "అసహ్యంగా ఉందా?"

జవాబు లేదు. అసహ్యమే అయ్యుంటుంది అనుకున్నాడు బాలశౌరి. ఇసుక సంచుల మధ్య ఇంకొంచెం బిగుసుకున్నాడు. అప్పుడు దానమ్మ చెప్పుల చప్పుడు వినిపించింది.

"ఎవరితో మాట్లాడుతున్నారు తాతగారూ? పక్కాయన్ని కట్టు మార్చడానికి తీసుకుపోయి చాలాసేపైంది."

రెండేళ్లు దాచుకున్న రహస్యం ఖాళీ పరుపుకి చెప్పాడన్నమాట. అది కూడా ఆసుపత్రి పరుపు, లోపల పీచు తప్ప ఏమీ లేనిది. నా తెలివికి ఇంతకంటే మంచి శ్రోత దొరకదులే అనుకున్నాడు. కానీ ఒక వింత జరిగింది. ఒకసారి బయటికొచ్చిన మాట రెండోసారి అంత మొరాయించలేదు. కిటికీ పక్కాయన్ని తిరిగి తెచ్చి పడుకోబెట్టగానే, "ఇందాక మీ పరుపుకి ఒక సంగతి చెప్పానండీ, మీక్కూడా చెప్తాను," అన్నాడు.

ఆయన నవ్వకూడదని చాలా ప్రయత్నించాడు. మంచం కిర్రుకిర్రుమంది. "నవ్వించకండి బాబూ, కుట్లు," అన్నాడు. సోడా దగ్గర మళ్లీ మంచం కిర్రుమంది. చెప్పడం అయ్యాక మాత్రం నవ్వలేదు.

"ఎద్దు ఏ రంగండీ?" అని అడిగాడు.

"తెలుపు."

"ఆవిడ సినిమాలు చూసేవారా?"

బాలశౌరికి ఆ ప్రశ్న ఎవ్వరూ వెయ్యలేదు. తనూ వేసుకోలేదు.

"అబ్బో, పిచ్చండీ. నెలకో సినిమా చూపించకపోతే అన్నంలో ఉప్పు ఎక్కువయ్యేది. ఆవిడతో సినిమాకెళ్లడం నరకం. బొమ్మ మొదలైన దగ్గర్నించీ ఏడుపే. హీరోయిన్ ఏడిస్తే ఏడ్చేది, అత్తగారు ఏడ్చినా ఏడ్చేది. చేతిగుడ్డ తెచ్చుకోదు. నా చొక్కా చెయ్యి పట్టుకుని ముక్కు తుడుచుకునేది. ఇంటికొచ్చేసరికి ఎడంచెయ్యంతా తడి. చొక్కా పాడుచేశావే అని ప్రతిసారీ తిట్టేవాణ్ణి. మీరెటూ ఏడవరుగా, మీ వంతు కూడా నేనే ఏడవాలి అనేది. నిజమేనండీ. మా ఇంట్లో ఏడుపు ఖాతా ఆవిడది. మా అమ్మ పోయినా ఆవిడే ఏడ్చింది, అల్లుడికి ఉద్యోగం పోయినా ఆవిడే ఏడ్చింది. నాకు అవసరం రాలేదు. ఆ రోజు హాల్లో ఎద్దు కూలబడగానే నేను..."

ఆగాడు బాలశౌరి.

"మీరు?" అన్నాడు కిటికీ పక్కాయన.

"చెయ్యి ముందుకి పెట్టానండీ. ఎడంచెయ్యి. అలవాటుగా."

వార్డులో ఎవరో దగ్గారు. బాలశౌరి కుడికన్ను కట్టు కింద మండింది. ఏడవకూడదు, డాక్టరు గట్టిగా చెప్పాడు అని తనకి తాను చెప్పుకున్నాడు. రెండేళ్లపాటు ఎక్కడెక్కడో వెతుక్కున్న ఏడుపు, ఒక్క వారం రావద్దన్న చోట పట్టుకుంది. ఎద్దు కోసం కాదు. తడిసిన చొక్కా చెయ్యి కోసం.

కిటికీ పక్కాయన ఊరుకోమనలేదు, దేవుడి మాట ఎత్తలేదు. కాసేపయ్యాక, "ఆవిడ వంతు మీరు ఏడుస్తున్నారు. కానివ్వండి," అన్నాడు. ఇంకా కాసేపయ్యాక, "ఇంక చాలు, కన్ను పోద్ది," అన్నాడు.

కన్ను పోలేదు కానీ ఒక కుట్టు వదులైంది. డాక్టరు కట్టు విప్పి చూసి గట్టిగా కోప్పడ్డాడు. దగ్గావా అని అడిగాడు. దగ్గానని ఒప్పుకున్నాడు బాలశౌరి. ఆ కంటికి చూపు ముప్పావే వచ్చింది. మిగతా పావు మంచు కమ్మినట్టే ఉండిపోయింది. గుణదలలో మాత్రం పెళ్లాం కోసం ఏడ్చి కన్ను చెడగొట్టుకున్నాడనే చెప్పుకున్నారు. ఇన్నాళ్లకి జనం నిజం చెప్పారు కదా అనుకున్నాడు బాలశౌరి, ఎలా తెలిసిందో ఏమో.

కిటికీ పక్కాయనకి ముందు కట్టు విప్పారు. ఆయన కొడుకులొచ్చి తీసుకెళ్తున్నారు. బాలశౌరి కళ్లకి ఇంకా కట్టు ఉంది. మంచం దగ్గర అడుగులు ఆగాయి.

"ద్వారం వైపు తిరిగి నించున్నానండీ. మీ మొహం చూళ్లేదు," అంది ఆ బొంగురు గొంతు. "ఉంటాను."

సోడాబుడ్డి కళ్లద్దాలొచ్చాక బాలశౌరి మళ్లీ షెడ్డు తెరిచాడు. శనివారాలు పని చేసేవాడు. అప్పుడప్పుడు సినిమాకెళ్లేవాడు, కూతురికి చెప్పే వెళ్లేవాడు. ఏడుపు సీను వస్తే కొన్నిసార్లు ఏడ్చేవాడు, కొన్నిసార్లు నిద్రపోయేవాడు.

మరుసటి ఏడు నవంబరులో ఉప్పెన వచ్చింది. దివిసీమలో ఊళ్లకి ఊళ్లు పోయాయన్న కబురు బెజవాడకి చేరడానికే రోజులు పట్టింది. ఎలిజబెత్ భర్త సొలొమోనుది ఇప్పుడు కరెంటాఫీసులో పని. స్తంభాలు మళ్లీ నిలబెట్టడానికి అటు పంపుతున్నారు. బయల్దేరే ముందు మామగారిని అడిగాడు. "అటువైపు మీకు తెలిసినవాళ్లెవరైనా ఉన్నారా మావయ్యా? కనుక్కుంటాను."

బాలశౌరికి కిటికీ పక్కాయన గొంతు గుర్తొచ్చింది. ఏమని కనుక్కోమనాలి? పేరు తెలీదు, ఊరు తెలీదు, మొహం తెలీదు. తెలిసిందల్లా ఒక్కటే, ఆ ఒక్కటీ చెప్పడానికి వీల్లేదు.

"ఎవరూ లేరు," అన్నాడు.

రెండు రోజులు అన్నం సయించలేదు. మూడో రోజు చర్చి తరఫున దుప్పట్లతో లారీ వెళ్తుంటే ఎక్కి కూర్చున్నాడు. ఎలిజబెత్ అడ్డంపడింది. "ముప్పావు కన్నుతో అక్కడికెళ్లి ఏం చేస్తావు నాన్నా?" నిజమే, ఆ మాటే తనూ అనుకున్నాడు. ఎన్నడూ చూడని మనిషిని, సరిగ్గా చూడలేనివాడు వెతకడానికి వెళ్తున్నాడు. పైగా తను కుట్టిన సీటు మీదే కూర్చుని.

అవనిగడ్డ దాటాక చూసినవి బాలశౌరి తరవాత ఎవరితోనూ చెప్పలేదు. శిబిరాల్లో దుప్పట్లు పంచుతూ, మొహాలకేసి చూడకుండా తల వంచుకుని గొంతులు విన్నాడు. మొదటి శిబిరంలో లేదు. రెండో చోటా లేదు. మూడోది ఒక రైసుమిల్లు. వరసలో నించున్న ముసలామె దుప్పటి అందుకుంటూ తనంతట తనే చెప్పింది.

"మా పెద్దాయన వల్ల బతికాం బాబూ. గాలి మొదలవగానే కేకలేస్తా ఇంటింటికీ తిరిగాడు. మేడ ఎక్కండి, ఎక్కండి అని. పిచ్చెక్కిందనుకున్నాం. కర్ర పుచ్చుకుని తోలాడు. వచ్చినోళ్లం ఈ మిల్లు పైన మిగిలాం. రానోళ్లు... ఆయన సొంతన్న కూడా నవ్వి ఇంటికాడే ఉండిపోయాడు. అంత ధైర్యం ఎవరికుంటాది చెప్పు."

బాలశౌరి చేతులు దుప్పట్ల మీద ఆగిపోయాయి. వరస వెనక నుంచి, పిల్లల్ని ముందుకు పంపమని ఎవరినో కసురుకుంటున్న గొంతు వినిపించింది. బొంగురు గొంతు.

ఆయన వంతు వచ్చింది. బాలశౌరి కళ్లు ఎత్తలేదు. "తీసుకోండి," అన్నాడు. ఆ ఒక్క మాటకే ఎదురుగా ఉన్న చేతులు కదలకుండా ఉండిపోయాయి. వేళ్ల కణుపులు నల్లగా, పగిలి ఉన్నాయి.

"భయపడ్డానండీ," అన్నాడాయన, బాలశౌరికి మాత్రమే వినపడేలా. "చానా భయపడ్డాను."

"మంచి పని చేశారు," అన్నాడు బాలశౌరి.

ఆయన దుప్పటి తీసుకున్నాడు. వెనక ఇంకా జనం ఉన్నారు, పక్కకి జరిగాడు. బాలశౌరి తరవాతి మనిషికి దుప్పటి అందించాడు.

ఇంటికొచ్చేసరికి కుడికన్ను దుమ్ముకి ఎర్రగా వాచింది. ఎలిజబెత్ తిడుతూనే మంచం మీద పడుకోబెట్టి చుక్కలు వేసింది.

"ఎవరి కోసం వెళ్లావు నాన్నా, చెప్పు."

"తెలిసినాయన ఒకాయన."

"ఉన్నాడా?"

"ఉన్నాడు."

"పేరేంటి?"

"అడగలేదమ్మా," అన్నాడు బాలశౌరి. "రెండో కంట్లో కూడా వెయ్యి."